గుడ్డను గట్టిపరిచే పేవర్‌పోల్: ఎనిమిది నెలలు వాడాక

నేను అనంతపురంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టే టైలరును. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పోయిన ఫిబ్రవరిలో పేవర్‌పోల్ అనే ద్రావణం సీసా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నెదర్లాండ్స్ సరుకు. గుడ్డను అందులో ముంచి, పిండి, తీగతో కట్టిన మనిషి ఆకారం మీద కప్పి మడతలు సర్దుతాం. ఆరిన తర్వాత ఆ మడతలు అలాగే బిగుసుకుపోతాయి. దూరం నుంచి చూస్తే రాతి విగ్రహమో కంచు విగ్రహమో అనుకుంటారు. ఇదే తరహాలో బెల్జియం నుంచి పవర్‌టెక్స్ అనే సరుకు కూడా వస్తుంది, పద్ధతి దాదాపు ఒకటే. నేను వాడింది పేవర్‌పోల్ కాబట్టి దాని గురించే రాస్తున్నాను. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు, మన ఎండల్లో మన గుడ్డలతో ఇది ఎలా పనిచేస్తుందో తెలియాలని వివరంగా చెబుతున్నాను.

టైలరుకు ఈ బొమ్మల మీద మనసు పోవడానికి కారణం ఉంది. కొంగు లాగి భుజం మీద వేసుకున్నప్పుడు ఒక మడత పడుతుంది. కూర్చుంటే మోకాలి దగ్గర ఇంకో మడత బిగుస్తుంది. క్షణం ఉంటాయి, మనిషి కదిలితే పోతాయి. మేం ఎంత బాగా కుట్టినా, విప్పి కొక్కేనికి తగిలించాక అది ఉత్త గుడ్డే. ఆ మడతను పట్టి నిలబెట్టాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

మొదట్లో గంజితో చేశాను. మా అమ్మ పంచెలకు పెట్టినట్టు చిక్కటి గంజి. బొమ్మ నిలబడింది గానీ నెల తిరక్కుండానే బొద్దింకలు అంచులు కొరికేశాయి. మైదా జిగురుకూ అదే గతి, పైగా ఎలుక కూడా వచ్చింది. తర్వాత మందుల షాపులో దొరికే ప్లాస్టర్ బ్యాండేజీ తెచ్చాను. అది నీళ్లు తగిలిన కొద్ది నిమిషాల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. కుచ్చిళ్లు సర్దుకునేంత సమయం ఇవ్వదు. సర్దినా మడతలు కాలికట్టులాగా లావుగా వస్తాయి, ఎక్కడైనా తగిలితే పెచ్చు లేస్తుంది. ఐదు వందల ఏళ్ల కిందటే ఇటలీలో లియొనార్డో డా విన్సీ మట్టి బొమ్మల మీద తడి మట్టి పట్టించిన గుడ్డలు కప్పి, ఆ మడతలు చూస్తూ బొమ్మలు గీసేవాడట. ఆ గీతల ఫొటోలు చూసినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. అంత పెద్ద చిత్రకారుడికి కూడా మడత కదలకుండా కూర్చోబెట్టడానికి ఇలాంటి ఉపాయమే కావాల్సి వచ్చింది మరి.

ప్లాస్టర్ తర్వాత వడ్రంగులు వాడే తెల్ల జిగురులో నీళ్లు కలిపి ముంచాను. ఇంట్లో పెట్టుకునే బొమ్మకు అది చెడ్డదేమీ కాదు, చాలామందికి అదే చాలు. కానీ ఆ రకం జిగురు ఆరిన తర్వాత కూడా నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. వరండాలో పెట్టిన నీళ్లబిందె ఆడమనిషి బొమ్మ ఒక్క అక్టోబరు వానకు తడిసి, కొంగు జారి, నడుము దగ్గర కూలిపోయింది. అనంతపురంలో ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ కాస్త వానకే బొమ్మ పోయింది. అప్పుడే పేవర్‌పోల్ కొనాలని నిర్ణయించుకున్నాను.

అర కిలో సీసా, రవాణాతో కలిపి నాకు రెండున్నర వేలు దాటింది. మా ఊళ్లో ఏ షాపులోనూ లేదు. పంపిన ఆన్‌లైన్ వ్యాపారి మూతకు టేపు వేయలేదు. పెట్టె అడుగున కొంత ఒలికి, అట్టపెట్టె సీసాకు రాయిలా అంటుకుపోయి వచ్చింది. ఫొటోలు పంపితే కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు. ఆ అట్టముక్కను మాత్రం పారెయ్యలేదు. చేత్తో విరిచి చూస్తే విరగలేదు. సరుకు గట్టిదని నమ్మకం కలిగింది ఆ ముక్కతోనే.

లోపలి ద్రావణం పాలలా తెల్లగా, కాస్త చిక్కగా ఉంటుంది. నేను తెప్పించింది పారదర్శకమైన రకం, ఆరాక తెలుపు పోతుంది. నలుపు, బూడిద, కంచు రంగులు కలిపినవి కూడా అమ్ముతారు. విషపదార్థం కాదు, నీటి ఆధారంగా చేసినది. తడిగా ఉన్నంతసేపు చేతులు, బ్రష్షులు మామూలు నీళ్లతో కడుక్కోవచ్చు. ఘాటు వాసన లేదు, నా మనవరాలు పక్కన కూర్చున్నా నాకు భయం వెయ్యలేదు. అయినా గ్లౌజులు వేసుకోండి. గోళ్ల సందుల్లో ఆరితే గిల్లి తియ్యడానికి రెండు రోజులు పడుతుంది, ఆ చేత్తో పట్టు జాకెట్ ముట్టుకోలేం.

ఇప్పుడు గుడ్డ సంగతి. మంచీ చెడూ చాలావరకు ఇక్కడే తేలుతుంది.

ఈ ద్రావణం గుడ్డ పోగులోకి ఇంకాలి. నూలు, ఉన్ని, పట్టు, నార వంటి సహజమైన పోగులైతే తాగుతాయి. పాలిస్టర్, నైలాన్ తాగవు. తయారీదారులు చెప్పేదీ అదే. చదివి కూడా నేను మొదటి బొమ్మకు పాలిస్టర్ షిఫాన్ ముక్క వాడాను, కొంగు గాలికి ఎగురుతున్నట్టు రావాలని. ద్రావణం పైపైన చుక్కలుగా నిలిచింది. ఆరాక వేలితో తాకితే పొరలా లేచి వచ్చింది, మడత విచ్చుకుపోయింది. మీ గుడ్డ మీద అనుమానం ఉంటే అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. జాకెట్ గుడ్డలకు మేం ఎప్పుడూ చేసే పరీక్షే ఇది. నూలు అని చెప్పి అమ్మే వాటిలో కలగలుపు గుడ్డ ఎంత ఉంటుందో టైలర్లకు తెలుసు.

కొత్త గుడ్డ కంటే పాత గుడ్డ మేలు. కొత్తదానిలో గంజి ఉంటుంది, అది ద్రావణాన్ని లోపలికి పోనివ్వదు. కొత్తదే వాడాలనుకుంటే వేడినీళ్లలో సబ్బు వేసి రెండుసార్లు ఉతకండి. నాకు అన్నిటికంటే బాగా కుదిరింది ఇరవై ఏళ్లు ఉతికిన నూలు పంచె. తర్వాత జాకెట్ లైనింగ్ ముక్కలు, అవి మా ఇంట్లో గోనెసంచుల్లో ఉంటాయి. ధర్మవరం పట్టు జాకెట్ ముక్కలు కూడా వాడి చూశాను. పట్టు చక్కగా ముడుచుకుంటుంది, మెరుపు కొంత తగ్గుతుంది. జరీ అంచు దగ్గర మాత్రం సరిగా అంటలేదు, కత్తిరించి తీసేశాను.

రంగు విషయం కూడా చెప్పాలి. పారదర్శకం అంటే గుడ్డ రంగు మారదని కాదు. తడిసిన గుడ్డ ఎలా ముదురుతుందో, ఆరాక కూడా అలాగే ముదురుగా ఉండిపోతుంది. మెరూన్ చీర ముక్క నల్లబడినంత పని అయింది. మీకు కావలసిన రంగు కంటే రెండు మెట్లు తేలికైన గుడ్డ తీసుకోండి. రంగు దిగే గుడ్డలను ముందే తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి, లేకపోతే పక్కనున్న తెల్ల జాకెట్ గులాబీ రంగులోకి వస్తుంది.

ఇక కొలతలు. నేను చేసే బొమ్మలు 40 సెంటీమీటర్ల ఎత్తు. 160 సెంటీమీటర్ల మనిషిలో నాలుగో వంతు. ఆ లెక్కన ఐదున్నర మీటర్ల చీర 137 సెంటీమీటర్లు కావాలి. అలాగే కత్తిరించి చుట్టాను. బొమ్మ డ్రమ్ములా తయారైంది. మనిషిని నాలుగో వంతుకు దించగలం గానీ గుడ్డ మందాన్ని దించలేం కదా. ఇప్పుడు 65 సెంటీమీటర్లే తీసుకుంటున్నాను. నడుము చుట్టూ ఒక్క చుట్టు, ముందు ఏడు కుచ్చిళ్ల బదులు మూడు, మిగిలింది కొంగుకు. చూసేవాళ్లకు నిండు చీరలాగే ఉంటుంది.

అంచులు మడిచి కుట్టాలని టైలరు చెయ్యి లాగుతుంది. కుట్టవద్దు. నాలుగో వంతు బొమ్మ మీద కుట్టిన అంచు తాడు కట్టినట్టు కనిపిస్తుంది. కత్తెర వాడకుండా పోగు వెంట చించితే అంచు సహజంగా వస్తుంది. లేదా తడిగా ఉన్నప్పుడే అర సెంటీమీటరు లోపలికి మడిచి వేళ్లతో నొక్కితే చాలు, ద్రావణమే అంటిస్తుంది. చీర అసలు అంచు ఉన్న ముక్క దొరికితే అన్నిటికంటే మంచిది. కొంగుకు మాత్రం గుడ్డను క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా కత్తిరించండి. నిలువు పోగు గుడ్డ కోణాలుగా విరుగుతుంది, క్రాస్ గుడ్డ జారినట్టు వంగుతుంది. భుజం మీదుగా వెనక్కి పడే కొంగు ఆ తేడాతోనే బతుకుతుంది.

లోపలి ఆకారం గురించి. మొదట ఇనుప కట్టుకంబి వాడాను, ఇల్లు కట్టేచోట మిగిలింది. తడి గుడ్డలోంచి పదిరోజులకు తుప్పు మరకలు బయటికి వచ్చాయి, తెల్ల పంచె పాడైంది. ఇప్పుడు కరెంటు సర్వీసుకు వాడే అల్యూమినియం తీగ తెస్తున్నాను. నాలుగు చదరపు మిల్లీమీటర్ల ఒంటి తీగ, దాదాపు 2.25 మిల్లీమీటర్ల మందం. ఎలక్ట్రికల్ షాపుల్లో మీటరు లెక్కన ఇస్తారు. చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఒలిచెయ్యాలి, ఎందుకంటే పేవర్‌పోల్ ప్లాస్టిక్‌కు అంటదు. ఒలవకుండా చుడితే గుడ్డ తీగ మీద గిర్రున తిరుగుతుంది. రెండు తీగలు మెలేసి వెన్నెముక, కాళ్లు చేస్తాను. ఒక్క తీగతో చేస్తే తడి గుడ్డ బరువుకు మెడ కుంగుతుంది. కండ కోసం వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం నలిపి, కాగితపు టేపుతో బిగిస్తాను. దాని మీద పాత బనియన్ గుడ్డ పేలికలు ద్రావణంలో ముంచి చుట్టాలి. మనిషి ఎత్తును ఏడున్నర తలలుగా లెక్కపెట్టుకుంటే బొమ్మ కుదురుతుంది. 40 సెంటీమీటర్ల బొమ్మకు తల ఐదుంపావు, ఐదున్నర సెంటీమీటర్లు. తల పెద్దదైతే చిన్నపిల్లలా ఉంటుంది. ముఖాలు గాలికి ఆరే మట్టితో చేస్తాను. మన ఎండకు అది పగులుతుంది, తడిగుడ్డ కప్పి రెండు రోజులు మెల్లగా ఆరనివ్వాలి.

అడుగున పీట. చెక్కపీట పెట్టిన బొమ్మ రెండుసార్లు పడిపోయింది. మన దగ్గర బండలకేం కరువు? తాడిపత్రి నల్లబండ పాలిష్ చేసే చోట అంచు ముక్కలు పడేసి ఉంటారు. అక్కడి మేస్త్రీని అడిగితే జానెడు ముక్క చేతిలో పెట్టి, "ఇంత ముక్కకు రంధ్రం ఎందుకక్కా?" అన్నాడు. బొమ్మ నిలబెట్టాలని చెప్పాను. "అయితే రెండు పెట్టించుకో, ఒంటికాలి మీద ఏ బొమ్మా నిలబడదు" అని ఆరు మిల్లీమీటర్ల బిట్టుతో రెండు రంధ్రాలు వేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. కాళ్ల తీగలను ఆ రంధ్రాల్లోకి దింపి ఎపాక్సీ జిగురుతో బిగిస్తే ఇంక కదలదు. బండ కింద, పక్కన కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్లు కత్తిరించి పరుస్తాను. ప్లాస్టిక్‌కు అంటదు కాబట్టి ఒలికింది పొరలా లేచి వస్తుంది. అవే ప్యాకెట్లను ఉండ చేసి కొంగు కింద, చేతుల కింద కూరితే మడతలు ఆరేదాకా ఉబ్బి నిలబడతాయి, తర్వాత లాగేస్తే ఊడి వస్తాయి.

అసలు పని రోజు ఫ్యాన్ ఆపెయ్యండి. ఇది ఎవరూ చెప్పలేదు నాకు. మార్చి మధ్యాహ్నం ఫ్యాన్ కింద పెట్టుకుంటే పది నిమిషాల్లో గుడ్డ పైన పొర కట్టింది, సర్దబోతే మడత మీద గీతలు పడ్డాయి. తెల్లవారి ఆరింటికి, ఫ్యాన్ లేకుండా మొదలుపెడితే నాకు ముప్ఫై నలభై నిమిషాలు దొరుకుతున్నాయి. చీర సర్దడానికి అది చాలా సమయం. ప్లాస్టర్ ఎప్పుడూ ఇవ్వనిది ఇదే, జిగురు నీళ్లతోనూ ఇంత బాగా రాదు. కుచ్చిళ్లు నచ్చకపోతే విప్పి మళ్లీ పెట్టుకోవచ్చు. ఈ ఒక్క గుణానికే నేను దీనికి డబ్బు పెడతాను.

నేను ద్రావణంలో నీళ్లు కలపను. గుడ్డను మొత్తం ముంచి, రెండు వేళ్ల మధ్య పైనుంచి కిందికి లాగి పిండుతాను. చుక్క కారకూడదు. ఎక్కువైతే పోగుల మధ్య ఖాళీలు నిండిపోయి, నేత కనిపించక, ప్లాస్టిక్ చీరలా మెరుస్తుంది. తక్కువైతే మడత వదులవుతుంది. గుడ్డను బొమ్మ మీద పరచకండి, పట్టి వేలాడదియ్యండి. నిజమైన చీర నడుము దగ్గర, భుజం దగ్గర పట్టు తీసుకుని అక్కణ్నుంచి కిందికి జారుతుంది. మడతలన్నీ ఆ పట్టు దగ్గరే పుడతాయి. ఎక్కడ పట్టుందో ముందు తేల్చుకుని, అక్కడ తడి పేలికతో కట్టి, మిగతా గుడ్డను వదిలేస్తే బరువే సగం పని చేస్తుంది. వేళ్లతో మడతలు "చెయ్యడం" మొదలుపెట్టానా, అవి దిండు మీద ముడతల్లా వస్తాయి.

ఈ విషయంలో నాకు గురువు లేపాక్షి. వీరభద్రస్వామి గుడి నాట్యమండపం పైకప్పు మీది చిత్రాలు పదహారో శతాబ్దానివి. వరసగా నిలబడిన ఆడవాళ్ల చీరలు చూస్తూ మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి నిలబడ్డాను. ఆ చీరల డిజైన్లు నేతగాళ్లు ఇప్పటికీ తీసుకుంటారు గానీ, నేను చూసింది గుడ్డ ఒంటిని ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ వదిలేసింది అన్నది. నడుము దగ్గర గీతలు దగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ దూరంగా. ఇంటికి వచ్చి అలాగే పెట్టాను. మూడో బొమ్మ నుంచి నా కుచ్చిళ్లు మారాయి.

మరుసటి రోజుకు తాకితే అంటదు. కానీ పూర్తిగా గట్టిపడి బయట వానకు, ఎండకు నిలబడాలంటే రెండు మూడు వారాలు ఇంట్లోనే ఉంచమని చెబుతారు. నేను అలాగే ఉంచి వరండాలో పెట్టిన రెండు బొమ్మలు ఈ ఆగస్టు, సెప్టెంబరు జల్లులకు తడిసినా మడత కదల్లేదు. తడిగుడ్డతో దుమ్ము తుడుస్తున్నాను.

మా మామ గురించి చెప్పాలి. అమ్మ తమ్ముడు. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు, ఇప్పుడు మోకాళ్లు పట్టేసి మానేశాడు. వానలో తల మీదుగా నల్లకంబళి ముడిచి కప్పుకుని, కర్ర మీద రెండు చేతులు ఆనించి నిలబడే మామే నాకు చిన్నప్పటి నుంచి కళ్లలో ఉన్న బొమ్మ. సీసా తెప్పించింది అసలు దానికోసమే. మామ పాత కంబళి నుంచే, మడత దగ్గర అరిగి పలచబడిన ముక్క అడిగి తెచ్చుకున్నాను.

ఉన్ని చాలా తాగుతుంది. చెయ్యంత ముక్క ముంచగానే గిన్నెలో ద్రావణం సగానికి పోయింది. ఎత్తితే ఇటుకంత బరువు. బొమ్మ మీద వేస్తే మెడ వంగిపోయింది. తీసేసి, పిండి, మళ్లీ ఆలోచించాను. రెండోసారి ముంచలేదు. కంబళి లోపలి వైపు, అంచుల మీద, పట్టు ఉండే తల దగ్గర మాత్రం బ్రష్షుతో పట్టించాను. పై నుంచి కొక్కేనికి దారం కట్టి, తల బరువు దారం మీద పడేలా రెండు రోజులు ఉంచాను. కర్రను కూడా బండలో రంధ్రం వేయించి దింపాను. రెండు కాళ్లు, కర్ర, మూడు చోట్ల ఆనితే ఎంత బరువు కంబళి కప్పినా పడదు. కంబళి మందం 40 సెంటీమీటర్ల బొమ్మకు ఎక్కువే. మనిషి అందులో మునిగిపోయినట్టు ఉంటాడు. వానలో గొర్రెలకాపరి అలాగే ఉంటాడు కాబట్టి నాకు అది తప్పనిపించలేదు. ఆరాక గరుకు నేత అలాగే ఉంది, ఒక్కొక్క వెంట్రుక కనిపిస్తోంది. ఇంత కాలం చేసినవాటిలో ఇదే నాకు నచ్చిన బొమ్మ.

ఖర్చు తగ్గించుకునే దారి ఒకటుంది. ఇంట్లోనే ఉండే బొమ్మలకు లోపలి బనియన్ పేలికలు తెల్ల జిగురుతో చుట్టి బాగా ఆరనిచ్చి, పైన కనిపించే చీరకు, కొంగుకు మాత్రమే పేవర్‌పోల్ వాడుతున్నాను. అప్పుడు ఒక చీర బొమ్మకు వంద గ్రాములు దాటడం లేదు. బయట పెట్టాలనుకుంటే ఈ పొదుపు వద్దు, లోపల తడి చేరితే ఏమవుతుందో ముందే చూశాను. అర కిలోతో నాకు నాలుగు బొమ్మలు వచ్చాయి, కంబళి బొమ్మే దాదాపు రెండు బొమ్మల సరుకు తాగింది. లెక్క వేస్తే చీర బొమ్మకు ద్రావణమే ఐదు వందలు. పిల్లలతో సరదాగా ఒక్కసారి చేసి చూడాలనుకునేవాళ్లకు ఇది ఎక్కువ, వాళ్లు తెల్ల జిగురుతో మొదలుపెట్టి తీగ పని, గుడ్డ పని నేర్చుకోవడం మంచిది. దసరా బొమ్మల కొలువుకు ఏటా తీసి పెట్టుకునే బొమ్మలు చెయ్యాలన్నా, వరండాలో పెట్టాలన్నా, అమ్మాలన్నా ఇది కొనండి. మూతను ప్రతిసారీ తుడిచి బిగించండి. గిన్నెలో మిగిలింది సీసాలో తిరిగి పొయ్యకండి, గుడ్డ పోగులు, రంగు కలిసి మొత్తం పాడవుతుంది. చిన్న గాజుసీసా వేరే పెట్టుకోండి.

పైన రంగు వెయ్యాలనుకుంటే మామూలు అక్రిలిక్ రంగు పడుతుంది. కంచు రంగును బ్రష్షుకు అద్ది, కాగితం మీద తుడిచేసి, ఇంకా ఏదో మిగిలిందన్నంత పొడి బ్రష్షుతో మడతల ఎత్తుల మీద తాకిస్తే లోతులు నల్లగా, ఎత్తులు మెరుస్తూ వస్తాయి. నేను ఒక్క బొమ్మకే వేశాను. చేనేత రంగును కప్పెయ్యడానికి నాకు మనసు ఒప్పదు.

దీనిలో వెనక్కి తిరగడం లేదు, అది తెలుసుకుని మొదలుపెట్టండి. ఆ నలభై నిమిషాల్లో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. తెల్లారాక ఏదీ మారదు. కుట్టు తప్పితే విప్పుకోవడం అలవాటైన నాకు ఇదే అన్నిటికంటే కష్టమైంది.

పోయిన వారం మామ వచ్చాడు, కంటి ఆసుపత్రి పని మీద. బొమ్మను చేతుల్లోకి తీసుకుని, కంబళి మీద వేలు పెట్టి రుద్ది చూశాడు. "నాదేనా?" అన్నాడు. నీదే మామా అన్నాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"బాగుంది పాపా. కర్ర ఈపక్క పెట్టినావే? కుడిచెయ్యి కాలీగా ఉండాల. గొర్రె పక్కచేనులో పడితే రాయి దేంతో ఏస్తావు?"

నేను చూసిన మామ ఎప్పుడూ వానలో రెండు చేతులూ కర్ర మీద ఆనించి ఉండేవాడని చెప్పాను. అది వాన తెరిపి ఇచ్చేదాకేనట, మిగతా పొద్దంతా కర్ర ఎడమచేతిలోనే ఉంటుందట. లేచి నిలబడి, నా స్కేలు కర్ర ఎడమచేత పట్టుకుని, బరువు ఎడమకాలి మీద వేసి, కంబళి కుడిభుజం మీంచి ఎలా తోసేసుకుంటారో చూపించాడు. కుడివైపు గుడ్డంతా వెనక్కి పడి, ఎడమభుజం దగ్గర ఒకేచోట పట్టు. నేను ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను.

రెండో సీసాకు నిన్న ఆర్డరు పెట్టాను, ఈసారి వేరే వ్యాపారి దగ్గర. కంబళి ముక్క ఇంకొకటి మామ సంచిలోనే తెచ్చిపెట్టాడు.